జనవరి 24 : బొబ్బిలి కోటయు రాజాం వీరుడును

పంచాంగమునందు ప్రతిదినమునకును తిథివార నక్షత్రములు ఉన్నట్లే, చరిత్రయందును ప్రతిదినమునకు ఒక జాతకము కలదు. ఏదేని ఒక తేదీని గైకొని, ఆనాడు లోకమున ఏమేమి జరిగినదో వరుసగా వ్రాసి చూచినచో, రాజుల పుట్టుకలు, నాయకుల మరణములు, కోటల పతనములు, శాసనముల సంతకములు అన్నియు ఒకే పంక్తిని బారులు తీరి కూర్చుండును. వానిలో పెక్కింటికి పరస్పర సంబంధము ఉండదు. కాని కొన్ని దినములు అట్టివి కావు. వానిని నిదానించి పరికించినచో ఒకే ప్రశ్న వేరువేరు కాలములయందు వేరువేరు నోళ్ల పలికినట్లు తోచును. జనవరి 24వ తేది అట్టి దినములలో ఒకటి.

కళింగాంధ్రము వారికి, విశేషించి రాజాం, బొబ్బిలి ప్రాంతముల వారికి, ఈ దినమును వేరుగా పరిచయము చేయనక్కరలేదు. 1757వ సంవత్సరము జనవరి 24, సోమవారమునాడు బొబ్బిలి కోట పడినది. మనవారి లెక్కలో అది ధాత నామ సంవత్సరము. సంక్రాంతి పండుగ కడచి ఎన్నో దినములు కాలేదు. ధాన్యము ఇండ్లకు చేరు ఆ దినములలో, ఒక మట్టికోట చుట్టును ఫిరంగులు మోహరించినవి.

ఆనాడే, సముద్రముల కావల ఐరోపా ఖండమున, ప్రష్యా దేశాధిపతియైన ఫ్రెడరిక్కునకు 45 ఏండ్లు నిండినవి. 1712 జనవరి 24న బెర్లిను నగరమున జన్మించిన ఆ రాజు, 1756 ఆగస్టు నెలాఖరున సాక్సనీపై దండెత్తి, ఏడేండ్ల యుద్ధమని పేరొందిన సంగ్రామమునకు ఐరోపాలో నాంది పలికెను. ఆ యుద్ధమున ఇంగ్లీషువారు ఆయన పక్షమునను, ఫ్రెంచివారు ఎదుటి పక్షమునను నిలిచిరి. ఆ రెండు జాతులవారును కెనడాలోనేమి, వంగదేశములోనేమి, మన కోరమాండలు తీరములోనేమి, తారసిల్లిన చోటనెల్ల పోరాడిరి. బొబ్బిలి పోరు ఆ మహాయుద్ధములో ఒక భాగమని చెప్పుట సరికాదు. దాని వేరులు మన నేలలోనే ఉన్నవి. కాని కోటముందు నిలిచిన ఫిరంగులు ఫ్రెంచివారివి. అవి అంతదూరము ఎట్లు వచ్చినవో ముందు తెలిసికొనవలెను.

1753లో నిజాము సలాబతుజంగు కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము సర్కారులను ఫ్రెంచివారికి వారి సేనల పోషణార్థము ఒసగెను. ఆ సేనలకు నాయకుడు బుస్సీ. ఆయనకు దివాను హైదరుజంగు. 1756లో నిజాము దర్బారువారు బుస్సీని కొలువునుండి తొలగింప యత్నించిరి. ఆ వార్త విని సర్కారుల జమీందారులలో పెక్కుమంది కప్పము చెల్లించుట మానిరి. విజయనగర ప్రభువైన పూసపాటి పెద విజయరామరాజుగారు మాత్రము బుస్సీ పక్షమున నిలిచిరి. దర్బారుతో రాజీ కుదిరిన పిమ్మట, ఆ యేటి చివర బుస్సీ సర్కారులను చక్కపెట్టుటకై సేనలతో వచ్చినపుడు, విజయరామరాజుగారు తన బలములతో ఆయనను కలిసికొనిరి.

విజయనగరమునకును బొబ్బిలికిని చిరకాలముగా పడదు. పొలిమేర తగవులు, నీటి తగవులు ఉండెను. పొరుగువారి మధ్య ఇట్టి తగవులు ఏ దేశముననైనను ఉండును. పెద్దలు కూర్చుండి తీర్చుకొనదగినవే. కాని అవి ఈ పర్యాయము ఫిరంగులు గల పరదేశీయుని సన్నిధికి చేరినవి. బొబ్బిలివారు తమ కోటను, సీమను విడిచి వేరొకచోట భూములు పుచ్చుకొని వెళ్లవలెనని ఆజ్ఞ అయినది. బొబ్బిలి ప్రభువు రంగారావుగారు ఒప్పుకొనలేదు. పెద్దపులి అను మాట నుండియే బొబ్బిలి అను పేరు వచ్చినదని అచటివారు చెప్పుదురు. ఆ పేరుగల కోటను పోరాడక విడుచుట వారికి సమ్మతము కాలేదు.

ఆనాటి యుద్ధమును వివరముగా వ్రాసినవాడు ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్టు ఓర్మ్. ఆయన గ్రంథములో ఈ భాగము 1778లో అచ్చయినది. ఉదయమున ఫిరంగులు కోట బురుజులపై గర్జింప నారంభించినవి. గోడలు కూలిన చోటులయందు ముట్టడి సేనలు మరల మరల ఎక్కజూచినవి. లోపలివారు మరల మరల వారిని క్రిందికి త్రోసిరి. మధ్యాహ్నము దాటునప్పటికి కోట నిలువదని తేలిపోయినది. అప్పుడు లోనివారు, తమ స్త్రీలును బిడ్డలును శత్రువుల చేత చిక్కరాదని, వారిని తమ చేతులతోనే సంహరించిరి. పిమ్మట పోరునకు మరలి, రంగారావుగారును ఆయన అనుచరులును నేలకొరిగిరి.

గెలిచినవారు లోపల అడుగిడి, ఎదుట కనిపించిన దృశ్యము చూచి నిశ్చేష్టులైరని, విజయోత్సాహము వారిలో అణగిపోయినదని ఓర్మ్ చెప్పుచున్నాడు. అంతలో ఒక వృద్ధుడు ఒక బాలుని చేయిపట్టుకొని వచ్చి, ఈతడు రంగారావుగారి కుమారుడనియు, తండ్రి మాటను కాదని తాను కాపాడితిననియు చెప్పి, ఫ్రెంచి సేనానికి అప్పగించెను. ఆ వృద్ధుని పేరు ఓర్మ్ వ్రాయలేదు. కాని ఆ దినమున ఆ కోటలో మిగిలిన వంశాంకురము ఆయన చలువయే.

ఇక రాజాం మాట. తాండ్ర పాపారాయుడు రాజాంలో ఉండెను. ఆయన రంగారావుగారికి బావమరిది. రాణి మల్లమ్మదేవి ఆయన తోబుట్టువు. రాజాంనుండి బొబ్బిలికి సుమారు రెండామడల దూరము. గుఱ్ఱమెక్కినవాడు ఒక పూటలో చేరగలడు. అయినను ఆయన సమయమునకు చేరలేదు. రంగారావుగారు పంపిన జాబు శత్రువులకు చిక్కినదని, రాజాంనకు వార్త అందునప్పటికి అంతయు అయిపోయినదని మన ప్రాంతపు కథ చెప్పును. ఆయన వచ్చి చూచినది బూడిదయు, తోబుట్టువు శవమును. పెద్దాడ మల్లేశము రచించిన బొబ్బిలి కథను జంగములు పాడుచుండగా మన పూర్వులు కన్నీరు కార్చినది కోట పడిన ఘట్టమునకు మాత్రమే కాదు. అందని ఆ జాబునకు కూడ.

మూడవ రాత్రి, విజయోత్సాహమున ఉన్న పాళెములోనికి పాపారాయుడు తోడివీరులతో చొరబడి, తన గుడారమున ఉన్న విజయరామరాజుగారిని సంహరించి, అక్కడనే ప్రాణములు విడిచెనని కథ. ఓర్మ్ గ్రంథమునందును ఈ సంగతి ఉన్నది. అయితే అందు పాపారాయుని పేరు లేదు. రంగారావుగారి భటులు నలుగురు కోటలో దాగి, రాత్రివేళ గోడ దిగి, పొదలలో రెండు దినములు పొంచియుండి, అందు ఇద్దరు గుడారములో ప్రవేశించి, నిద్రలో ఉన్న రాజును 32 పోట్లు పొడిచిరని, తోడనే కావలివారి చేతులలో మడిసిరని ఆయన వ్రాసెను. తక్కిన ఇద్దరు, మొదటివారు విఫలులైనచో తాము ఆ పని పూర్తిచేయుటకు ప్రతిన పూనియుండిరట.

ఈ భేదమును దాచనక్కరలేదు. ఓర్మ్ దూరపు సాక్షి. చీకటిలో వచ్చి, కావలివారి తుపాకులకు కూలిన వీరుల పేరులు ఏవియో ఆయన చెప్పలేదు. పాట పాడినవారు దగ్గరి సాక్షుల సంతతి. వారికి పేరులే ముఖ్యము, లెక్కలు కావు. ఒకటి చరిత్ర, ఒకటి కట్టుకథ అని తేల్చివేయుటకంటె, రెండును ఎచ్చట కలియుచున్నవో చూచుట మేలు. కోట పడిన మూడవ రాత్రి, ప్రాణములపై ఆశ విడిచిన కొలదిమంది బొబ్బిలి పక్షపువారు విజయరామరాజుగారిని ఆయన గుడారమునందే చంపిరనుటలో రెండును ఏకీభవించుచున్నవి.

ఓర్మ్ వ్రాసిన మరియొక చిన్న మాట ఉన్నది. అది మన పాటలలోని వీరావేశమునకంటెను ఎక్కువగా మనసును కలచును. ఆ వచ్చినవారు విజయనగర సేనల నడుమనుండి ఎవరికిని అనుమానము కలుగకుండ సాగిపోగలిగిరట. కారణము, వారి భాషయే వీరి భాష. కావలివాడు ఎవరని అడిగెను. వచ్చినవాడు తెలుగున బదులు చెప్పెను. తనవాడే అని కావలివాడు త్రోవ విడిచెను. ఒకే మాట మాటాడు రెండు సంస్థానములు, ఒకే వానకు ఎదురుచూచు రెండు పొలిమేరలు, తమ తగవును తమ భాషలో తీర్చుకొనలేక, తెలుగు తెలియని ఫిరంగికి అప్పగించిన ఫలము అది.

దానివలన బాగుపడినదెవరు? దివాను హైదరుజంగు 1758 మే నెలలో ఔరంగాబాదువద్ద హతుడయ్యెను. బుస్సీని ఫ్రెంచివారే ఆ సంవత్సరమున పుదుచ్చేరికి పిలిపించుకొనిరి. విజయనగరమున సింహాసనమెక్కిన ఆనందగజపతిరాజుగారు ఫ్రెంచివారిపై విముఖులై ఇంగ్లీషువారిని ఆహ్వానించిరి. 1758 డిసెంబరులో చందుర్తివద్ద ఫ్రెంచిసేనలు ఓడినవి. 1759 ఏప్రిలులో మచిలీబందరు కోటయు ఇంగ్లీషువారి వశమైనది. బొబ్బిలివద్ద గెలిచిన ఫ్రెంచివారికి రెండున్నరేండ్లైనను తిరుగకమునుపే సర్కారులలో నిలువనీడ లేకపోయినది. చివరకు కుంఫిణీవారు 1794 జులై 10న పద్మనాభమువద్ద విజయనగర సేనలతోనే పోరి, చిన విజయరామరాజుగారి మరణమునకు కారకులైరి. ఆ పిమ్మటనే బొబ్బిలి సంస్థానము మరల ఆ వంశమువారికి దక్కెను. ఆనాడు వృద్ధుడు చేయిపట్టి తెచ్చిన బాలుడు నిలువకున్నచో అదియును దక్కెడిది కాదు.

ఇక ఈ తేదీన జరిగిన తక్కిన సంగతులను క్లుప్తముగా చెప్పెదను. బొబ్బిలి పడిన సరిగా నూరేండ్లకు, 1857 జనవరి 24న, కలకత్తా విశ్వవిద్యాలయము శాసనరీత్యా ఏర్పడినది. 1924లో ఇదే దినమున బీహారు నాయకుడు కర్పూరీ ఠాకూరు జన్మించెను. 1946లో ఇదే దినమున, లండను నగరమున సమావేశమైన ఐక్యరాజ్యసమితి మహాసభ తన మొట్టమొదటి తీర్మానమును ఆమోదించెను. అణుశక్తివలన కలిగిన సమస్యలను విచారించుటకును, అణ్వాయుధములను తొలగించు ఉపాయములను సూచించుటకును ఒక సంఘమును నియమించుటయే దాని సారాంశము. ఇరువదేండ్లకు, 1966 జనవరి 24న, శాంతిప్రయోజనములకై అణుశక్తి అను విషయమున 1955లో జెనీవాయందు జరిగిన మహాసభకు అధ్యక్షత వహించిన మన హోమీ భాభా, మోంబ్లాఁ పర్వతమువద్ద విమాన ప్రమాదమున మరణించెను. ఆనాడే ఢిల్లీలో ఇందిరాగాంధి ప్రధానమంత్రిగా ప్రమాణస్వీకారము చేసిరి.

వీనియన్నింటిలో బొబ్బిలి కథకు మిక్కిలి దగ్గరైనది 1950 జనవరి 24. ఆ దినమున రాజ్యాంగసభ కడపటి పర్యాయము సమావేశమై, డాక్టరు రాజేంద్రప్రసాదును రాష్ట్రపతిగా ఎన్నుకొనినది. జనగణమన జాతీయగీతమని ప్రకటింపబడినది. పిమ్మట సభ్యులు ఒకరి వెనుక ఒకరు వచ్చి రాజ్యాంగ ప్రతులపై సంతకములు చేసిరి. ఆ సభ సభ్యుల పట్టికలో మద్రాసు రాష్ట్రమునుండి ఒక పేరు మనకు పరిచితమైనది కలదు: బొబ్బిలి సంస్థానాధీశులు రాజా శ్వేతాచలపతి రామకృష్ణ రంగారావుగారు. పూర్వము ఒక రంగారావుగారు తమ సీమను కత్తితో నిలుపుకొన జూచిన దినమునకు సరిగా 193 ఏండ్లకు, ఆ పేరే గల మరియొకరు సభ్యులుగా ఉన్న సభ, ఏ తగవునైనను కాగితముతోను, చర్చతోను, న్యాయస్థానముతోను తీర్చుకొందుమని జాతి పక్షమున వ్రాలు పెట్టినది.

మరియొక సంగతి చెప్పక ఈ ప్రసంగమును ముగింపరాదు. 2008 నుండి మన దేశమున జనవరి 24వ తేదీని జాతీయ బాలికాదినముగా పాటించుచున్నారు. ఆ నిర్ణయమునకును బొబ్బిలికిని సంబంధము లేదు. కాని 1757లో ఆ కోటలోపల ఎందరు బాలికలు తమ తండ్రుల చేతులలో ఒరిగిరో, వారి పేరులు ఓర్మ్ వ్రాయలేదు. వారు ఏమి కోరుకొనిరో అడిగినవారు లేరు. రంగారావుగారి శౌర్యమును, పాపారాయుని పంతమును తలచు నోటితోనే వారిని కూడ తలచుట మన విధి. వీరగాథ వినుచు పెరిగిన రాజాం బాలికకు ఈ దినమున మనము చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది: కోట పోయినను తిరిగి కట్టుకొనవచ్చును, నీ ప్రాణము ఏ కోటకును వెల కాదు.

బొబ్బిలిలో ఆనాటి వీరుల స్మృతికై 1891లో సంస్థానమువారు నిలిపిన స్తంభము ఉన్నది. 1964లోను, 1986లోను ఈ కథ వెండితెర కెక్కినది. బొబ్బిలి 1979లో విజయనగరము జిల్లాలో చేరినది. రాజాం 2022 ఏప్రిలు వరకు శ్రీకాకుళము జిల్లాలో ఉండి, అప్పటినుండి విజయనగరము జిల్లాలో చేరినది. ఒకనాడు ఒకరిపై ఒకరు కత్తిదూసిన మూడు ఊళ్లును నేడు ఒకే జిల్లా. మూడింటి అర్జీలును ఒకే కచ్చేరికి పోవును. ఆనాటి కావలివాడు విని మోసపోయిన ఆ తెలుగుపలుకే నేడు ఆ కచ్చేరిలో మనవి చెప్పుకొనుటకు పనికివచ్చుచున్నది. జనవరి 24 మనకు నేర్పదగిన పాఠము అంతకంటె వేరొకటి లేదు.