సుంకరి ముందు సుఖదుఃఖాలు

"సుంకరి ముందు సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టు" అని మన పెద్దవాళ్ళు ఒక సామెత వాడేవారు. వినేవాడికి జాలి లేనప్పుడు మన గోడు వెళ్ళబోసుకుని ఏం లాభం అని దాని భావం. ఈ సామెతను పుట్టించింది పండితులు కారని నా అనుమానం. ఎడ్లమీద బస్తాలు వేసుకుని, ఊరి పొలిమేరలో ఎండకు నిలబడి, సుంకం వసూలు చేసే పెద్దమనిషి భోంచేసి, కునుకు తీసి వచ్చేదాకా కాచుక్కూర్చున్న బండివాడెవడో అనుంటాడు.

చరిత్ర పుస్తకాల్లో రాజులుంటారు, రాణులుంటారు, వర్తకులు కూడా కాస్త చోటు చేసుకుని కూర్చుంటారు. సరుకు తోలుకొచ్చినవాడు మాత్రం కనిపించడు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనమే చూడండి. అంతకు ముందు రాజులు తుఫానుకు ఒడ్డున పడ్డ ఓడల్లోని సరుకంతా లాగేసుకునేవారు. గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించి, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ పుచ్చుకోబోమని మాటిచ్చాడు. ఎంత పెద్ద మనసు! కాని ఆ అభయం సముద్రం మీద వచ్చే వర్తకుడికి. రేవునుంచి ఎడ్లను అదిలించుకుంటూ మెట్టదారిన పోయేవాడి పేరు మీద కాదు.

ఆ తర్వాత కొన్ని వందల ఏళ్ళు మన సరుకు రవాణా అంతా పెరికెద్దుల మీదే నడిచింది. లంబాడీలు వందలాది ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని, పిల్లా పాపలతో సహా దేశాలు తిరిగేవారు. యుద్ధానికి వెళ్ళిన సైన్యాలకు తిండి గింజలు చేరవేసింది కూడా వాళ్ళే. కోట గెలిచిన వాడి పేరు మనకు తెలుసు. కోట ముందు గుడారాల్లో వాడికి అన్నం పెట్టించిన ఎద్దులవాడి పేరు తెలియదు.

కాటన్ దొరగారి పుణ్యమా అని 1852లో ధవళేశ్వరం దగ్గర, 1855లో బెజవాడ దగ్గర ఆనకట్టలు లేచాయి. కాలువలు తవ్వారు. అవి పొలాలకు నీళ్ళిచ్చినట్టే పడవలకు దారి కూడా ఇచ్చాయి. ధాత కరువులో ఆకలితో ఉన్న జనానికి పని కల్పించి పొడిగించిన బకింగ్‌హాం కాలువ కూడా కలిశాక, గోదావరి డెల్టా ధాన్యం మద్రాసు దాకా నీళ్ళమీదే వెళ్ళేది. వింటుంటే హాయిగా ఉంది కదూ? గాలి లేనప్పుడు గట్టుమీద తాడు భుజానికి తగిలించుకుని ఆ పడవను లాగే మనిషి నడిగితే ఆ హాయి సంగతి తెలిసేది. పైగా దారి పొడుగునా లాకులు. లాకులో నీటి మట్టం సమానమయ్యేదాకా పడవ ఆగాలి. ముందు పది పడవలుంటే పదీ దాటాక గాని మన వంతు రాదు.

అటు నిజాం రాజ్యంలోకి అడుగుపెడితే కరోడ్‌గిరీ నాకాలు. సరిహద్దు దాటిన సరుకుకల్లా సుంకం కట్టాలి. పెళ్ళిబట్టలు కొనుక్కుని వచ్చేవాళ్ళు కూడా మూటలు విప్పి చూపించవలసి వచ్చేదని పాతకాలం వాళ్ళు చెబుతుంటే విన్నాను. హైదరాబాదు రాజ్యం దేశంలో కలిశాక ఆ నాకాలు పోయాయి. సుంకరి మాత్రం పోలేదు, పేరు మార్చుకున్నాడు. 1939లో రాజాజీ ప్రభుత్వం మద్రాసులో అమ్మకం పన్ను తెచ్చింది. ఆ పన్ను ఎగ్గొట్టకుండా చూడడానికి తర్వాతి రోజుల్లో రాష్ట్రాల సరిహద్దుల్లో చెక్‌పోస్టులు వెలిశాయి.

ఈలోగా ఎడ్ల స్థానంలో లారీ వచ్చేసింది. 1948లో అశోక్ మోటార్స్ మద్రాసులో పుట్టింది. 1954లో టాటావారు జర్మనీ బెంజి కంపెనీతో కలిసి లారీలు తయారుచేయడం మొదలెట్టారు. 1969లో ఆ పొత్తు ముగిసింది. అయినా మనవాళ్ళు చాలాకాలం "బెంజి లారీ" అనే అన్నారు. బండి వేగం ఎద్దుకు ఇరవై రెట్లు పెరిగింది గాని, చెక్‌పోస్టు దగ్గర ఎద్దూ ఒకటే, బెంజీ ఒకటే. వరసలో నిలబడ్డాక ఏ ఇంజనుకైనా బలం ఏముంటుంది చెప్పండి!

2017 జూలై 1న జీఎస్‌టీ వచ్చింది, అమ్మకం పన్ను చెక్‌పోస్టులు ఎత్తేశారు. మరుసటి ఏడాది ఏప్రిల్లో ఈ-వే బిల్లు వచ్చింది. యాభై వేల రూపాయలు దాటిన సరుకుకు ఆ బిల్లుండాలి. బండి నంబరు అందులో ఉండాలి. దారిలో బండి చెడిపోయి సరుకు మరో బండిలోకి మారిస్తే ఆ నంబరూ మార్చాలి. సరుకు యజమానిది, బిల్లు గుమాస్తా రాసింది, తప్పుంటే రోడ్డుమీద ఆగిపోయేది మాత్రం డ్రైవరు. సుంకరి ఇప్పుడు పొలిమేరలో లేడు, కాగితంలో ఉన్నాడు.

ఇదంతా దూరాలు తిరిగే లారీల సంగతి. మన వీధిలోకి వచ్చే చిన్న బండి కథ వేరు. ఒకప్పుడు ఊళ్ళో సరుకులు ఒంటెద్దు బళ్ళమీద, రిక్షాల మీద, తోపుడు బళ్ళమీద వచ్చేవి. 2005లో టాటా ఏస్ వచ్చాక ఆ పనంతా దానికి అప్పజెప్పేశాం. హైదరాబాదులో దాన్ని ముద్దుగా ఛోటా హాథీ అంటారు. బియ్యం బస్తాలు, బీరువాలు, ఫ్రిజ్జులు, బదిలీ అయిన గుమాస్తాగారి సంసారం మొత్తం, అన్నీ దాని వీపుమీదే. తోలేవాడే చాలాసార్లు యజమాని కూడా. నెల తిరిగేసరికి ఫైనాన్సువాడికి కిస్తీ కట్టాలి.

ఈ డ్రైవరుకు కిరాయి ట్రిప్పుకింత అని. ఆగిన గంటకు ఎవరూ పైసా ఇవ్వరు. ఇక ఆగడానికి కారణాలా? కోకొల్లలు! పట్నాల్లో రద్దీ వేళల్లో సరుకు బళ్ళు కొన్ని వీధుల్లోకి రాకూడదంటారు. సరిగ్గా ఆ వేళకే కొట్లు తెరుస్తారు. పోనీ రాత్రి వస్తే దింపుకునే హమాలీలుండరు. ఇదంతా దాటి వస్తే ఇంటి నంబరు. మన మునిసిపాలిటీల నంబర్లు మీకు తెలియనివా? వార్డు, బ్లాకు, ఇల్లు, దానికో బై, ఆ బైకి ఒక ఎ, ఆ ఎ కింద మళ్ళీ ఒకటీ రెండూ. అన్నదమ్ములు పంచుకున్నప్పుడల్లా ఇంటికి ఒక తోక మొలుస్తుంది. పక్కిల్లు పదో నంబరైతే మనది పదకొండు అవుతుందన్న నమ్మకం లేదు.

మొన్నామధ్య మాకు ఒక బీరువా వచ్చింది. డ్రైవరు ఇల్లు కనుక్కున్నాడు గాని, మా అపార్టుమెంటు కాపలావాడు బండిని లోపలికి రానివ్వలేదు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు సామాన్లు దింపకూడదట, పెద్దవాళ్ళు పడుకుంటారట. నేను కిందికి దిగి చెప్పినా, కార్యదర్శిగారికి ఫోను చేసినా లాభం లేకపోయింది. అతను వేపచెట్టు నీడన బండి ఆపుకుని కూర్చున్నాడు.

"ఏం నాయనా, రోజూ ఇంతేనా?" అన్నాను మంచినీళ్ళిస్తూ.

"నడిపితే అలుపు రాదమ్మా, ఆగితేనే వస్తది. ఇవాళ రెండో కిరాయి పోయినట్టే" అన్నాడు.

ఆ మాట విన్నాక చట్టాలేమంటున్నాయో వెతికాను. వాళ్ళకోసం ఆలోచించినవాళ్ళు లేకపోలేదు. రవాణా బళ్ళకు లైసెన్సు కావాలంటే ఎనిమిదో తరగతి పాసవ్వాలన్న నిబంధనను 2019లో తీసేశారు. మామూలు కారు లైసెన్సుతో ఏడున్నర వేల కిలోల లోపు సరుకు బండి నడపవచ్చునా అన్న తగవు సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. నడపవచ్చునని 2017లో ముగ్గురు న్యాయమూర్తులు, 2024లో అయిదుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. ఆ తీర్పు వచ్చేదాకా, ప్రమాదం జరిగితే బీమా వస్తుందా రాదా అని చిన్న బండివాడు బిక్కుబిక్కుమంటూనే తోలాడు.

అన్నిటికన్నా నన్ను ఆపేసింది 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం. రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటల పని అంది. అయిదు గంటలు పనిచేస్తే అరగంట విశ్రాంతి ఇవ్వాలంది. చదివి సంతోషించేలోపే మరో సంగతి కనపడింది. 2025లో రద్దయ్యేదాకా, అయిదుగురు, అంతకన్నా ఎక్కువమంది పనివాళ్ళున్న సంస్థలకే ఆ చట్టం వర్తించేది. ఒక్క బండి, ఒక్క మనిషి అయిన చోట ఆ అరగంట ఎవరిస్తారు? వేపచెట్టు కింద కూర్చున్న రెండు గంటలూ విశ్రాంతి కావు కదా!

రాజులు మారారు, నాకాలు మారాయి, ఎద్దు పోయి ఇంజను వచ్చింది. కాచుకోవడం మాత్రం ఎనిమిది వందల ఏళ్ళుగా తోలేవాడి వాటాకే వస్తోంది. పెద్ద పెద్ద సుంకాలు ఎత్తేయడం ప్రభుత్వాల పని. వీధి చివర గుర్తు సరిగా చెప్పడం, ఫోను మోగితే మొదటిసారే ఎత్తడం, పగటి రెండు గంటలకు కూడా గేటు తీయాలని అపార్టుమెంటు సమావేశంలో నోరు విప్పి అడగడం మన పని. వచ్చే ఆదివారం మా సమావేశం ఉంది. అక్కడ కూర్చునే సుంకరులకు ఈ సుఖదుఃఖాలు చెప్పి చూడాలనుకుంటున్నాను.