మొక్కు తీరాక మేత ఎవరిది?

మేడారం జాతరకు బయల్దేరేవాళ్లు ముందుగా వేములవాడ పోయి రాజన్నను దర్శించుకోవడం తెలంగాణ పల్లెల్లో పాత ఆనవాయితీ. అక్కడ కోడెమొక్కు. మేడారంలో నిలువెత్తు బంగారం (బెల్లం), ఎదురుకోళ్లు, మేకపోతు. రెండేళ్లకోసారి మాఘమాసంలో లక్షలాది జనం కదిలే ఈ దారి పొడవునా మూగజీవాలూ కదులుతాయి. బండి లాగేవి కొన్ని, మొక్కుగా వచ్చేవి కొన్ని, వంటకు వచ్చేవి కొన్ని. వాటి కష్టం తీర్చడానికి ఎవరు, ఎప్పుడు, ఎంత సొమ్ము పక్కన పెట్టారో చూడాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

క్రీస్తుపూర్వం 3వ శతాబ్దికి వెళ్దాం. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి ప్రధాన శిలాశాసనాలు చెక్కి ఉన్నాయి. రెండో శాసనం మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశామంటుంది. మందుమొక్కలు లేనిచోట తెప్పించి నాటించామనీ, బాటల వెంట బావులు తవ్వించి చెట్లు పెంచామనీ, అవి మనిషికీ పశువుకూ పనికిరావడానికేననీ చెబుతుంది. పశువు దాహం తీర్చడం రాజ్యం పని అని చెప్పుకున్న పాత సాక్ష్యం మన నేల మీదే ఉందన్నమాట.

ఆ తర్వాత వెయ్యేళ్లకు పైగా గడిచాక, ద్రాక్షారామం వంటి గుళ్ల శాసనాల్లో ఇంకో పద్ధతి కనిపిస్తుంది. అఖండ దీపానికి దాత తరచూ డబ్బు కాక మంద ఇచ్చేవాడు. పాతిక, యాభై జీవాలను మందలు కాసే బోయలకు అప్పగిస్తే, వాళ్లు రోజూ గుడికి మానెడు నెయ్యి పోయాలి. మంద తరగకూడదు. ఇక్కడ మూలధనమే మంద. దీపం ఆరకూడదంటే గొడ్డు బతకాలి, గొడ్డు బతకాలంటే దాన్ని సాకేవాడి బతుకు సాగాలి. ఈ ఏర్పాటులో జాలి అన్న మాట లేదు గానీ పశువు కడుపు మాత్రం నిండింది. తర్వాతి కాలపు దానాల్లో నాకు ఎక్కువగా లోపించినట్టు కనిపించేది ఈ ముందుచూపే.

వలస పాలనలో పల్లెకు దక్కింది బందెలదొడ్డి. 1871 నాటి పశువుల అక్రమ ప్రవేశ చట్టం ప్రకారం చేను మేసిన గొడ్డును దొడ్లో కట్టేసి, జరిమానాతోపాటు మేత ఖర్చు కూడా యజమాని దగ్గర వసూలు చేసేవారు. ఎవరూ రాకపోతే వేలం. అది దయతో పెట్టింది కాదు, పంట కాపాడుకోవడానికి పెట్టింది. అయినా కట్టేసిన పశువుకు మేత పెట్టాలనీ, ఆ ఖర్చుకు ఒకరు బాధ్యులనీ చట్టం ఒప్పుకుంది.

దయ పేరుతో సంఘాలు పుట్టింది నగరాల్లో. లండన్‌లో 1824లో, కలకత్తాలో 1861లో జంతుహింస నివారణ సంఘాలు వెలిశాయి. బొంబాయిలో దిన్షా మాణెక్‌జీ పెటిట్ తన భార్య సాకర్‌బాయి పేరిట పశువుల ఆసుపత్రి కట్టించాడు. గుజరాతీ, మార్వాడీ వర్తకులు పంజరాపోళ్లను (పశువుల ఆశ్రయాలను) తమ వ్యాపారంలోంచి తీసిన చందాలతో నడిపారు. ప్రతి లావాదేవీ మీద ఇంత అని ధర్మాదాయం తీసేవారు గనుక ఏడాది పొడవునా సొమ్ము వచ్చేది. 1930లలో కైరోలో డొరొతీ బ్రూక్ అనే ఆంగ్ల మహిళ, మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసి బక్కచిక్కి బండ్లు లాగుతున్న గుర్రాలను చూసి పత్రికకు ఉత్తరం రాసింది. జనం పంపిన డబ్బుతో ఐదు వేల గుర్రాలను కొన్నది. చాలావాటికి నొప్పి లేకుండా కన్నుమూసే వీలు కల్పించడమే ఆమె చేయగలిగిన సాయం. ఆమె అక్కడితో ఆగకుండా 1934లో ఆసుపత్రి పెట్టింది కాబట్టే ఆ పని నేటికీ సాగుతోంది.

స్వతంత్ర భారతంలో ఈ బాధ్యతను పార్లమెంటు ముందుంచింది రుక్మిణీదేవి అరుండేల్. రాజ్యసభలో ఆమె పెట్టిన బిల్లు దారి వేయగా 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది, 1962లో జంతు సంక్షేమ బోర్డు ఏర్పడింది. ఈ చట్టంలో జరిమానాల గురించే అందరూ మాట్లాడతారు. మొదటి నేరానికి పది నుంచి యాభై రూపాయలంటే మాట్లాడక తప్పదు కూడా. కానీ నాకు ముఖ్యమనిపించేది 35వ సెక్షన్. హింసకు గురైన పశువును ఆసుపత్రికో పంజరాపోల్‌కో పంపితే రవాణా, మేత, వైద్యం ఖర్చు యజమానే భరించాలి, రేటు జిల్లా మేజిస్ట్రేటు నిర్ణయించాలి. లారీల్లో కుక్కి తరలిస్తున్న గొడ్లను పోలీసులు పట్టుకున్న ప్రతిసారీ ఈ సెక్షన్ గట్టిగా అమలైతే గోశాలలు చేయిచాచాల్సిన అవసరం సగం తగ్గుతుంది. జిల్లాకో జంతుహింస నివారణ సంఘం ఉండాలన్న నిబంధన 2001లోనే వచ్చింది. 2013 కంపెనీల చట్టం జంతు సంక్షేమాన్ని సామాజిక బాధ్యత ఖర్చుల్లో చేర్చింది. దారులైతే తెరిచే ఉన్నాయి.

తెలుగు నగరాల్లో ఆ దారిన నడిచినవాళ్లున్నారు. హైదరాబాద్‌లో 1992లో అక్కినేని అమల జంతు సంరక్షణ సంస్థ బ్లూక్రాస్‌ను మొదలుపెట్టారు. విశాఖ జంతుహింస నివారణ సంఘం (ఎస్పీసీఏ) 1996 నుంచి పనిచేస్తోంది. సింహాచలం అప్పన్నకు మొక్కుగా వచ్చి, తల్లిపాలకు దూరమై చనిపోతున్న కోడెదూడల కోసం గట్టిగా నిలబడింది ఆ సంస్థే. తీరానికొచ్చే తాబేళ్ల గుడ్లను కాపాడటం దగ్గర్నుంచి వీధికుక్కల ఆపరేషన్ల వరకూ దాని పనిలో భాగమే. ఇవన్నీ చందాల మీద బతికే సంస్థలు. కాలు విరిగిన కుక్క ఫొటోకు డబ్బు వస్తుంది. కాలు అతికాక అదే కుక్క పదేళ్లు తినే తిండికి రావడం కష్టం.

ఇక మేడారం. జాతర 1968లో దేవాదాయ శాఖ కిందికి వచ్చింది, 1996లో రాష్ట్ర పండుగ అయింది. అంతకుముందు తరాల్లో పస్రా, తాడ్వాయి మీదుగా అడవిలోకి వచ్చినవి ఎడ్లబండ్లే. బస్సులూ కార్లూ నిండిన ఈ రోజుల్లోనూ గూడుబండ్లు వస్తూనే ఉన్నాయి. కాడి ఒరిపిడికి మెడ మీద లేచిన పుండు, దాని మీద ముసిరిన ఈగలు, పక్కనే ఖాళీ నీళ్ల బకెట్టు: జాతర దారిలో ఏ చెట్టు కిందైనా ఈ దృశ్యం కనిపించవచ్చు. బండెడ్లను రోజులో తొమ్మిది గంటలకు మించి, విరామం లేకుండా ఐదు గంటలకు మించి నడపకూడదని 1965 నిబంధనలు ఉన్నాయి. వాటిని బండివాడికి చెప్పినవాళ్లెవరు? కాళ్లు కట్టి తలకిందులుగా బైకు హ్యాండిల్‌కు వేలాడదీసిన కోళ్లు మరో మైలు, మరో మైలు అలాగే సాగుతాయి. 2024 జాతరకు ముందు ఆర్టీసీ తన బస్సుల్లోకి కోళ్లను, మేకలను రానివ్వబోమంది. ప్రయాణికులకు అది సబబే. కోడి మాత్రం ఇంకో బండి ఎక్కింది.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి. మేడారంలో దేవతల గద్దెల దగ్గర మొక్కు ఎలా తీరాలన్నది కోయల ఆచారం, వాళ్లు తేల్చుకోవాల్సిన విషయం. నగరం నుంచి వచ్చి వాళ్లకు నీతి చెప్పే హక్కు నాకు లేదు. నా బాధ ఆ క్షణానికి ముందున్న రెండు మూడు రోజుల గురించి. దాహం, ఎండ, ఇరుకు, పుండు. వీటిని ఏ దేవతా కోరలేదు.

వేములవాడలో సమస్య మొక్కు తర్వాతిది. భక్తులు సమర్పించిన కోడెలు తిప్పాపూర్ గోశాలకు చేరతాయి. 2025 వానలకు ముందు, వానల్లో, కిక్కిరిసిన ఆ బురదలో కొద్ది రోజుల్లోనే పదుల సంఖ్యలో కోడెలు చనిపోయాయి. తర్వాత మిగిలినవాటిని రైతులకు ఉచితంగా పంచడం వేగవంతం చేశారు. లెక్క చూడండి. ఓ మోస్తరు కోడెకు రోజుకు ఏడు కిలోల ఎండుమేత అనుకుంటే ఏడాదికి రెండున్నర టన్నులు. పదిహేనేళ్లు బతికితే? మొక్కు కట్టిన రోజు భక్తుడు చెల్లించే రుసుము దీనికి ఏ మూలకూ రాదు.

మేడారం హుండీ ఆదాయం 2022, 2024 జాతరల్లో పది కోట్లు దాటింది. అందులోంచి నూటికి ఒక్క రూపాయి తీసి, వడ్డీ మాత్రమే వాడే మూలనిధిగా దేవాదాయ శాఖ పెట్టాలి. పస్రా నుంచి మేడారం పక్కనున్న జంపన్నవాగు దాకా నీటితొట్లు, రాత్రీపగలూ ఉండే పశువైద్యుడు, పుండు పడ్డ ఎద్దును అక్కడే ఆపి మాన్పించే కొట్టం ఆ వడ్డీతో నడవాలి. నిధి పెత్తనంలో కోయ పూజారులకు చోటుండాలి. వేములవాడలో కోడెను ఇచ్చే భక్తుడు దాని ఒక ఏడాది గడ్డికి కూడా రసీదు తీసుకోవాలి. ఆ స్తోమత లేకపోతే కోడెను తిప్పి, దండం పెట్టి, ఇంటికే తోలుకుపోండి. రాజన్న కాదనడు.