లారీ తోలువారు – పేక బల్ల

రథము తోలుటకును జూదమాడుటకును గల చుట్టరికము నేటిది కాదు. ఆరణ్యపర్వమున నలోపాఖ్యానము చదివినవారికి ఆ ఘట్టము జ్ఞప్తికి రాగలదు. జూదమున రాజ్యము పోగొట్టుకొన్న నలుడు బాహుకుడను పేర ఋతుపర్ణునకు సారథియై, విదర్భకు పోవు త్రోవలో ఒక తాండ్రచెట్టు నొద్ద రథము నిలిపి, తన అశ్వహృదయమునకు మారుగా రాజునుండి అక్షహృదయమును పడసెను. బండి నడుపు విద్యకు పాచికల విద్య మారకమయ్యెను. నేడు మేము చెప్పబోవు చరిత్ర సముద్రముల కావలిది. అమెరికాలో సరకుల బండ్లు తోలువారిది, వారి దారుల ప్రక్కన వెలసిన జూదశాలలది. అచ్చటి సారథులకు అక్షహృదయ మెవ్వరును ఉపదేశింపలేదు.

పడమటి ప్రాంతములకు రైలు పోకముందు, మిస్సోరి నదీతీరమునుండి సైన్యమునకు కావలసిన సరకు లన్నియు ఎడ్లబండ్లపై పోవుచుండెను. 1850ల తరువాతి సంవత్సరములలో ఆ వ్యాపారమున రస్సెల్, మేజర్స్, వాడెల్ అను మువ్వురి కంపెనీ మిక్కిలి పెద్దది. వారిలో అలెగ్జాండర్ మేజర్స్ దైవభక్తి గలవాడు. కొలువున చేరు ప్రతి బండివానిచేతను ప్రమాణపత్రముపై వ్రాలు చేయించుకొనెడివాడు. బూతులాడను, త్రాగి పడిపోను, జూదమాడను, పశువులను హింసింపను అని ఆ ప్రమాణము. పైగా ఒక బైబిలు గ్రంథము చేతికిచ్చి పంపెడివాడు. యజమాని ఒక అలవాటును పేరుపెట్టి నిషేధించెననగా, ఆ అలవాటు బండివారిలో ఎంతగా వేళ్లూనియుండెనో ఊహింపవచ్చును. ఆ కంపెనీలోనే కొంతకాలము బండి తోలిన జేమ్స్ బట్లర్ హికాక్ అను యువకుడు తరువాత వైల్డ్ బిల్ అను పేర దేశప్రసిద్ధుడయ్యెను. అతడు 1876 ఆగస్టు 2వ తేదీన డెడ్‌వుడ్ అను గనుల పట్టణమున పోకరు బల్ల నొద్ద కూర్చుండగా, వెనుకనుండి ఒకడు కాల్చి చంపెను. అప్పు డతని చేత నల్ల ఆసులు రెండును, నల్ల ఎనిమిదులు రెండును ఉండెనని చెప్పుకొందురు. ఐదవ ముక్కను గూర్చి మాత్రము తగవు నేటికిని తీరలేదు.

ఎడ్లు పోయి గుఱ్ఱములు, గుఱ్ఱములు పోయి మోటారులు వచ్చినను బండివారి సంఘము తన పాత పేరునే నిలుపుకొన్నది. 1903లో ఏర్పడిన ఆ సంఘమును టీమ్‌స్టర్ల సంఘ మందురు. టీమ్‌స్టరనగా జట్టుగుఱ్ఱములను తోలువాడు. దాని ముద్రలో రెండు గుఱ్ఱముల తలలు నేటికిని కలవు. ఈ సంఘముతో మనకు ముందు పని యున్నది.

1931 మార్చి 19వ తేదీన నెవాడా రాష్ట్రము జూదమును చట్టసమ్మతము గావించెను. ఎడారి రాష్ట్రము, గనులు చల్లబడినవి, దేశమంతట ఆర్థిక మాంద్యము. అట్టి స్థితిలో ప్రభుత్వము ఆ దారి త్రొక్కెను. నెవాడా, యూటా రాష్ట్రముల సరిహద్దున వెండోవర్ అను చిన్న ఊరు కలదు. దానికి తూర్పున మైళ్లకొలది తెల్లని ఉప్పునేల. అచ్చట 1926లో బిల్ స్మిత్ అనునతడు పెట్రోలు బంకు పెట్టి, ఒక స్తంభమున కొక విద్యుద్దీపము కట్టి, రాత్రింబవళ్లు వెలుగనిచ్చెను. ఉప్పునేల దాటి వచ్చువారికి అది ఎడారిలో దీపస్తంభము. చట్టము వచ్చినంతనే ఆ బంకు ప్రక్కన జూదపు బల్లలు వెలసెను. 1952 నాటికి ఆ చిన్న దీపము చోట అరువది అడుగులకు మించిన నియాన్ బొమ్మ యొకటి, టోపీ పెట్టిన పశువులకాపరి రూపున, చేయి ఊపి పిలువసాగెను. దారి చూపుటకై పెట్టిన దీపము దారి తప్పించుటకై పెరిగెనని కొందరు విమర్శింపవచ్చును గాని, మా అభిప్రాయమున ఆ రెండు పనులును అది మొదటినుండియు చేయుచునే యున్నది.

సరిహద్దుల వెంబడి ఇదియే వరుస. 1954లో ఐడహో రాష్ట్రము జూదపు యంత్రములను నిషేధింపగా, ఆ వ్యాపారులు గీత దాటి నెవాడా వైపున ఒక ఊరినే కట్టుకొనిరి. దాని పేరు జాక్‌పాట్. 1956 చట్టముచే 41,000 మైళ్ల రాజమార్గములు నిర్మింప నిశ్చయించిన పిమ్మట లారీల సంఖ్య పెరిగెను. 1964లో రీనో నగరమునకు పడమర, కాలిఫోర్నియా సరిహద్దు సమీపమున, ఒక దంపతుల పేర లారీలు ఆగు ఫలహారశాల వెలసెను. అదియే క్రమముగా పెరిగి బూమ్‌టౌన్ అను పెద్ద జూదశాల యయ్యెను.

లారీవారు ఆడుట వ్యసనముచేత మాత్రమే అనుకొనరాదు. వారి పనియే అట్టిది. అచ్చట పెక్కుమందికి జీతము మైళ్ల లెక్కన వచ్చును. బండి కదలినచో కూలి, నిలిచినచో లేదు. గోదాము వాకిట సరకు దించుటకై గంటలు గడచిపోవును. ప్రమాదములు తగ్గింపవలెనని 1930ల చివరనే ప్రభుత్వము పని గంటలకు హద్దు పెట్టెను. నేటి నియమము ప్రకారము పది గంటలు వరుసగా విశ్రమించిన పిదపనే మరల పదునొకండు గంటలు తోలవచ్చును. 2017 డిసెంబరు నుండి ఆ లెక్కను బండిలోని యంత్రమే వ్రాయుచున్నది. నియమము మంచిదే. కాని ఇల్లు వెయ్యి మైళ్ల దూరమున నున్నవానికి ఆ పది గంటలు ఎచ్చట గడచును? నిద్రకు ఏడు, తిండికి స్నానమునకు ఒకటి పోగా, మిగిలిన రెండు గంటలకు ఎదుట వెలుగుచున్న దీపములే తోడు. మన లారీవారును లోడు దొరకువరకు చెట్టుక్రింద దుప్పటి పరచి పేక వేయుట మనమెరుగనిది కాదు. అయితే చెట్టుక్రింది ఆటలో ఒకడు పోగొట్టినది వేరొకడు గెలుచును. సొమ్ము ఆ నలువురిలోనే తిరుగును. క్యాసినోలో అట్లు కాదు. పోకరు బల్లపై ఆటగాండ్రు తమలో తామే ఆడుకొన్నను, ప్రతి పందెమునుండియు శాలవారు తమ పాలు తీసికొందురు. యంత్రముతో ఆడినచో ఎదుటివాడు మనుష్యుడే కాడు.

ఈ యంత్రము పుట్టుక వినదగినది. 1891లో బ్రూక్లిన్ నగరమున సిట్‌మన్, పిట్ అను వారు ఐదు చక్రములపై పేకముక్కల బొమ్మలు అతికించి ఒక యంత్రము చేసిరి. నాణెము వేసి మీట లాగినచో ఐదు ముక్కలు నిలుచును. గెలిచినవానికి శాలవాడు చుట్టయో పానీయమో ఇచ్చును. ముక్కలు యాబదియే. సాధారణముగా ఇస్పేటు పదియు ఆఠీను జాకీయు తీసివేయబడెడివి. దానిచే పెద్ద పంపకము పడు అవకాశము సగమయ్యెడిది. మోసము యంత్రముతోపాటే పుట్టినదన్నమాట. 1979లో సై రెడ్ అను వ్యాపారి సంస్థ చిత్రపటముపై ఆడు పోకరు యంత్రమును నెవాడా శాలలకు పంపెను. ఇందు యాబది రెండు ముక్కలును ఉండును. కాని ఆసు, రాజు, రాణి, జాకీ, పది ఒకే రంగున తొలి పంపకముననే పడుట 6,49,740 మార్ల కొకమారు. అక్కరలేని ముక్కలు మార్చుకొనుచు నేర్పుతో ఆడినను, సుమారు 40,000 ఆటల కొకమారు. గంటకు 600 ఆటల చొప్పున మీట నొక్కువాడు సగటున అరువదియేడు గంటలు కూర్చుండవలెను. ఆటకు డాలరుంబావు చొప్పున పందెము కాచినచో గంటలో 750 డాలర్లు చేతులు మారును. యంత్రము నూటికి ఐదు మాత్రమే పట్టుకొన్నదనుకొన్నను, ఆ గంటకు ముప్పది యేడున్నర డాలర్లు పోయినట్లే. బల్లపై ఆడునపుడు ముక్కలు కలుపుటకును పంచుటకును పట్టు కాలమే ఆటగానికి రక్షణము. యంత్రము ఆ కాలమును తీసివేసినది.

ఈ యంత్రమును లారీవారి వాకిటికే తెచ్చిన ఘనత లూయిసియానా రాష్ట్రమునకు చెందును. 1991 చట్టముచే అచ్చట పానశాలల కొక్కొక్కదానికి మూడు యంత్రములు అనుమతింపబడగా, లారీలు ఆగు మజిలీలకు యాబది వరకు అనుమతించిరి. అందుకు షరతులు చూడుడు: 5 ఎకరముల స్థలము, 50 పెద్ద లారీలు నిలుచుటకు చోటు, ఇరువది నాలుగు గంటలు తెరచియుండు భోజనశాల, యాబది యంత్రములు కావలెనన్నచో నెలకు 1,00,000 గాలన్ల ఇంధనపు అమ్మకము. లారీ మజిలీలో ప్రక్కన కొంచెము జూదము ఉండవలెనని శాసనకర్తలు తలచిరి కాబోలు. జరిగినది తలక్రిందులు. జూదము పెట్టుటకై మజిలీలు కట్టబడెను. లారీవారికంటె చుట్టుప్రక్కల ఊళ్లవారే అచ్చటికి ఎక్కువగా పోసాగిరి. 1996 నవంబరులో ప్రతి జిల్లాను వేరువేరుగా అడిగినపుడు, 64 జిల్లాలలో 33 ఈ యంత్రములు వలదనెను, 31 ఉండనిండనెను. వలదన్నచోట్ల 1999 జూన్ 30తో అవి ఆగిపోయెను. ఇలినాయి 2009లోను, పెన్సిల్వేనియా 2017లోను లారీ మజిలీలలో జూదపు యంత్రములకు చట్టములు చేసినవి.

ఇంతవరకు చెప్పినది లారీవాడు తన చేతితో ఒడ్డిన సొమ్ము. వాడు ఒడ్డకయే జూదశాలకు చేరిన సొమ్ము వేరొకటి కలదు. 1955లో టీమ్‌స్టర్ల సంఘము నడిమి రాష్ట్రములలోని చోదకులకై పింఛను నిధి నేర్పరచెను. ఇతర సంఘముల నిధులు ప్రభుత్వ పత్రములలోను, వాటాలలోను మదుపు చేయుచుండగా, ఈ నిధిని జేమ్స్ హోఫా స్థలములపై, భవనములపై అప్పుగా ఇప్పించెను. బ్యాంకులు జూదశాలలకు అప్పు ఇచ్చుటకు వెనుదీయుచున్న రోజులవి. 1966 ఆగస్టులో లాస్ వేగస్ నగరమున తెరచిన సీజర్స్ ప్యాలెస్ కోటి డాలర్లకు పైబడిన ఈ నిధి అప్పుతో లేచినదే. 1974లో ముప్పది రెండేండ్ల అలెన్ గ్లిక్ అను వ్యాపారికి స్టార్‌డస్ట్, ఫ్రీమాంట్ అను శాలలు కొనుటకు 6 కోట్ల 27 లక్షల డాలర్లు దొరకెను. ఆ శాలల లెక్కింపు గదులనుండి సొమ్ము లెక్కకు రాకముందే చికాగో, కాన్సాస్ సిటీ ముఠాలకు తరలిపోయినట్లు తరువాత న్యాయస్థానమున ఋజువయ్యెను. 1985–86లో ముఠా నాయకులకు శిక్షలు పడెను. 1995లో వచ్చిన 'క్యాసినో' అను చలనచిత్రమునకు ఆధారము ఈ కథయే.

హోఫాను కేవలము దుష్టునిగా చిత్రించుట సులభము. కాని 1964లో సుమారు నాలుగు లక్షలమంది చోదకులకు దేశమంతట ఒకే ఒడంబడిక తెచ్చినవాడును అతడే. చెట్టుక్రింద నిలిచియున్న బండికి కూలి అడుగు ధైర్యము అతనివలననే వచ్చినదని నమ్మినవారు అనేకులు. అదే 1964లో నిధి అప్పుల విషయమున మోసము చేసెనని చికాగోలో అతనికి శిక్ష పడెను. 1967లో చెరకు పోయి, 1971లో విడుదలయై, 1975 జూలై 30న డెట్రాయిట్ సమీపమున ఒక భోజనశాల వెలుపల కనబడి, మరల కనబడలేదు. 1982లో న్యాయస్థానపు ఉత్తరువుతో నిధి నిర్వహణము సంఘము చేతినుండి స్వతంత్ర సంస్థలకు పోయెను.

ఇంకొకమాట న్యాయముగా చెప్పవలెను. జూదశాలల అప్పులలో పెక్కు వడ్డీతో తిరిగి వచ్చినవి. నిధిని నిజముగా క్రుంగదీసినది 1980 చట్టము. రవాణా రేట్లపై కట్టడులు సడలగా పాత కంపెనీలు ఒకటొకటిగా మూతపడి, చందా కట్టువారికంటె పింఛను పుచ్చుకొనువారు హెచ్చిరి. 2008 నాటి ఆర్థిక సంక్షోభము మిగిలినది చేసెను. పింఛనులు సగమునకు పైగా తెగిపోవునని వృద్ధులైన చోదకులు ఏండ్లతరబడి భయపడిరి. 2022 డిసెంబరులో సుమారు 3,600 కోట్ల డాలర్ల సహాయము ప్రకటింపబడగా, మూడున్నర లక్షలకు పైబడిన కార్మికుల, విశ్రాంతుల పింఛనులు నిలిచెను. ఆ సొమ్ము జూదశాలలనుండి రాలేదు. పన్ను కట్టువారి ఖజానానుండి వచ్చెను.