సిల్వరు గిన్నె, కరెంటు బిల్లు

పోయిన నెల కరెంటు బిల్లు చేతిలో పట్టుకుని మావారు వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"ఏమోయ్, కొత్త ఫ్రిజ్జు కరెంటు తక్కువ తింటుందన్నావు. మరి బిల్లు పెరిగిందేం?"

నిజమే. కొత్తది తక్కువే తింటుంది. అయితే పాతదాన్ని అమ్మబుద్ధి కాక వెనక వరండాలో పెట్టించాను. ఊరికే ఉండటం ఎందుకని దాన్నీ తగిలించాను. దోసెల పిండికీ, కూరలకీ ఎంత సదుపాయంగా ఉందో చెప్పలేను. ఆ సంగతి ఒప్పుకుంటే ఓడిపోయినట్టేగా! అందుకని అటక మీదున్న అత్తయ్యగారి సిల్వరు గిన్నె చూపించి, "దీని చరిత్ర తెలుసా మీకు?" అన్నాను.

సిల్వరని పేరే గానీ అది వెండి కాదు, అల్యూమినియం. మనిళ్లలో అన్నిటికంటే చవక గిన్నెకి వెండి పేరు పెట్టడం చూస్తే నవ్వొస్తుంది కదూ? కానీ ఒకప్పుడు ఈ లోహం వెండి కంటే ప్రియం. 1855లో పారిస్ ప్రదర్శనలో దీని కడ్డీలను అపురూపంగా చూపించారు. మట్టిలో బోలెడంత ఉన్నా, ఆక్సిజన్ పట్టునుంచి దాన్ని విడదీయడం బ్రహ్మప్రళయం. సోడియంతో రసాయన ప్రక్రియ చేసి కొంచెం కొంచెంగా తీసేవారు.

1886లో అమెరికాలో చార్లెస్ మార్టిన్ హాల్, ఫ్రాన్సులో పాల్ హెరూల్ అనే ఇద్దరు కుర్రాళ్లు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, ఒకే ఉపాయం కనిపెట్టారు. కరిగించిన క్రయొలైట్ అనే ఖనిజంలో అల్యూమినా పొడి కలిపి అందులో కరెంటు పంపితే లోహం అడుక్కి దిగుతుంది. విచిత్రం చూడండి, ఇద్దరూ పుట్టింది 1863లోనే, పోయింది 1914లోనే! హాల్ ఈ పని చేసింది ఒహాయో రాష్ట్రంలో తమ ఇంటి వెనక కట్టెల కొట్టంలో. పక్కనే రసాయనశాస్త్రం చదివిన అక్క జూలియా ఉండేది. ఏ రోజు ఏం జరిగిందో తరవాత ఆవిడ రాసిపెట్టిన వివరాలు పేటెంటు తగాదాలో తమ్ముడికి ఆసరా అయ్యాయి. పేరు మాత్రం తమ్ముడిదే నిలిచింది. (మనకది కొత్తా?)

కొన్నేళ్లలోనే లోహం పౌను డాలరు కంటే తక్కువకి దిగింది. మన మద్రాసులో 1898లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే దొర ఆర్ట్స్ స్కూలు పనిశాలలో అల్యూమినియం గిన్నెలు చేయించడం మొదలుపెట్టాడు. అప్పటి మద్రాసు రాజధానిలో మన కోస్తా, రాయలసీమ జిల్లాలూ ఉన్నాయి కనుక, అత్తయ్యగారి గిన్నెకి అదే పూర్వరంగం అనుకోవచ్చు.

ఇక్కడ మావారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "కరెంటు మాటేమిటి?"

అక్కడికే వస్తున్నా. మొదటి రోజుల్లో కిలో అల్యూమినియం తీయడానికి 40 యూనిట్ల పైచిలుకు కరెంటు పట్టేది. ఇంజనీర్లు తొట్లు పెద్దవి చేశారు, వేడి వృథా పోకుండా చూశారు, కార్బన్ కడ్డీలు బాగుచేశారు. ఇప్పుడు 13, 14 యూనిట్లతో సరిపోతోంది. అంటే మూడోవంతు! మరి ఈ పరిశ్రమ కరెంటు వాడకం మూడోవంతుకి తగ్గాలిగా? 1900లో ప్రపంచమంతా కలిపి తీసింది పదివేల టన్నుల లోపే. 2023లో ఏడు కోట్ల టన్నులు. కిలోకి 14 యూనిట్ల చొప్పున గుణించండి: దాదాపు లక్ష కోట్ల యూనిట్లు! ఆ కరెంటు కోసం ఈ ఫ్యాక్టరీలు జలపాతాల వెంట పడ్డాయి. 1895లో నయాగరా కరెంటుకి మొదటి ఖాతాదారు హాల్ పనిచేసిన కంపెనీయే. మన దేశంలో 1943లో ఆలువా దగ్గర తొలి లోహం తీసినప్పుడూ తిరువాన్కూరు కొండల జలవిద్యుత్తే ఆధారం.

ఈ మెలిక ముందే పట్టినవాడు ఒకడున్నాడు. ఇంగ్లండులో విలియం స్టాన్లీ జెవన్స్ 1865లో బొగ్గు గురించి పుస్తకం రాశాడు. స్కాట్లండు ఇనుప కొలుముల్లోకి చల్లగాలికి బదులు వేడిగాలి ఊదడం నేర్చుకున్నాక, టన్ను ఇనుముకి పట్టే బొగ్గు మూడోవంతు కంటే తగ్గింది. అక్కడి మొత్తం బొగ్గు ఖర్చు మాత్రం 1830 నుంచి 1863 లోపల పదింతలైంది. ఆదా వల్ల సరుకు చవకైంది, చవకైన సరుకుకి జనం కొత్త కొత్త పనులు కనిపెట్టారు.

అయితే నేరమంతా పొదుపుదే అనడం నాకు న్యాయంగా తోచదు. విమానాలు, యుద్ధాలు, కరెంటు తీగలు, కిటికీ చట్రాలు — ఇవన్నీ అల్యూమినియం అడిగాయి. పాత తొట్లతోనే ఏడు కోట్ల టన్నులు తీయాల్సివస్తే ఖర్చు మూడింతలయ్యేది. అంత ఖర్చయితే ఎవరూ అంత తీసేవారే కాదనుకోండి, అది వేరే మాట.

నిజంగా కరెంటు కలిసొచ్చేది పాత లోహాన్ని కరిగించి మళ్లీ వాడినప్పుడు. కొత్తగా తీయడానికి పట్టే శక్తిలో ఇరవయ్యో వంతు చాలట. ఆ మాట వినగానే మావారు అటక వైపు చూశారు.

"అయితే ఆ గిన్నె పాతసామాన్లవాడికి వేసేద్దామా?"

"అత్తయ్యగారి గిన్నె!" అన్నాను. ఆయన మరి మాట్లాడలేదు.

మర్నాడు వెనక వరండాలో ఫ్రిజ్జు ప్లగ్గు పీకేశాను. తుడిచి ఆరబెట్టి, ఈ ఏడు పెట్టిన అప్పడాలూ వడియాలూ అందులో సర్దాను. చీమలు పట్టడం లేదు.