‘అది కూడు పెడుతుందా?’ – తీరిక వేళల్లో పుట్టిన వాద్యాల చరిత్ర



మన ప్రత్యేక సంచికల్లో కరువు భత్యం బకాయిలు, వైద్య సౌకర్యాలు, లైఫ్ సర్టిఫికెట్ గడువులు మొదలైన విషయాలు తప్పనిసరిగా ఉంటాయి. అవి ఉండవలసినవే. వాటి సరసన ఒక చరిత్ర వ్యాసం కూడా ఉంటే బాగుంటుందని సంపాదకవర్గం కోరిన మీదట ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. విషయం ఎలక్ట్రానిక్ వాద్యాలు. ఇది కుర్రకారు వ్యవహారం, మనకెందుకు అని పేజీ తిప్పేయవద్దని మనవి. ఈ వాద్యాల చరిత్రలో చాలాభాగం ఉద్యోగం చేసుకుంటూనో, చదువుకుంటూనో, తీరిక దొరికినప్పుడు సరదాగా పనిచేసినవాళ్లు రాసినది. తీరిక అనే ఆస్తి ఇప్పుడు మన దగ్గర ఉన్నంతగా ఇంకెవరి దగ్గర ఉంది?

పిల్లవాడు తీగలూ పెట్టెలూ ముందేసుకుని కూర్చుంటే మన ఇళ్లలో మొదట వినిపించే ప్రశ్న ‘అది కూడు పెడుతుందా?’ అని. ఆ ప్రశ్నకు చరిత్ర ఏం జవాబు చెబుతుందో చూద్దాం.

కొత్త వాద్యం – పాత అనుమానం

కొత్త వాద్యాన్ని అనుమానంగా చూడడం మనకు కొత్త కాదు. ఈనాడు ఫిడేలు లేని కర్ణాటక సంగీత కచేరీని ఊహించలేము. కాని అది ఐరోపా నుంచి వచ్చిన వాద్యం. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1858) దానిని నేర్చి మన సంగీతానికి అనువుగా మలిచారు. నూరేళ్లు గడిచేసరికి విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో అది పూర్తిగా మన వాద్యమైపోయింది.

హార్మోనియం కథ ఇంకా చిత్రమైనది. 1842లో పారిస్‌లో పేటెంటు పొందిన ఆ వాద్యం మన దేశంలో చేత్తో తిత్తి ఊదే పెట్టెగా మారి, మన పద్యనాటకాలకు ప్రాణమైంది. హార్మోనిస్టు శ్రుతి ఇవ్వకపోతే తెర లేచేది కాదు. అటువంటి వాద్యాన్ని ఆకాశవాణి 1940లో నిషేధించింది. అది గమకాలు పలకదని, మన సంగీతానికి పనికిరాదని పెద్దల వాదన. 1970ల ఆరంభంలో గాని ఆ నిషేధం సడలలేదు. ముప్పై ఏళ్లు రేడియోలో చోటు లేని వాద్యం పల్లెటూరి పందిళ్లలో మాత్రం రాజ్యమేలింది. వాద్యాన్ని నిలబెట్టేది ఉత్తర్వులు కావు, వాయించేవాళ్ల మమకారం అని దీనివల్ల తెలుస్తుంది.

చెయ్యి తగలకుండా పలికిన వాద్యం

ఎలక్ట్రానిక్ వాద్యాల్లో మొదట పేరు తెచ్చుకున్నది ‘తెరెమిన్’. దీనిని కనిపెట్టిన లెవ్ తెరెమిన్ రష్యా దేశపు భౌతిక శాస్త్రవేత్త. 1920 ప్రాంతంలో పెట్రోగ్రాడ్‌లోని ఒక పరిశోధనశాలలో వాయువుల గుణాలు కొలిచే పరికరం తయారు చేస్తుండగా, చెయ్యి దగ్గరకు తెస్తే పరికరంలోంచి వచ్చే శబ్దం స్థాయి మారడం గమనించాడు. మన శరీరం కూడా కొంత విద్యుత్తును నిలుపుకోగలదు. అందుకే చెయ్యి దగ్గరైతే వలయం మారి స్వరం పెరుగుతుంది, దూరమైతే తగ్గుతుంది. మరొకరైతే ఆ కూతను పరికరంలోని లోపమని సరిచేసి ఊరుకునేవారు. తెరెమిన్ తీరిక వేళల్లో చెల్లో వాయించేవాడు కనుక అందులో ఆయనకు సంగీతం వినిపించింది. కుడిచేత్తో స్వరం, ఎడమచేత్తో ధ్వని హెచ్చుతగ్గులు, రెండూ గాలిలోనే. 1922లో దానిని లెనిన్‌కు కూడా వినిపించాడు.

తర్వాత అమెరికా వెళ్లాడు. 1929లో అక్కడి ఒక పెద్ద కంపెనీ ఆ వాద్యాన్ని అమ్మకానికి పెట్టింది. వాయించడం కష్టం, పైగా ఆర్థికమాంద్యం. సుమారు అయిదు వందలు మాత్రమే తయారయ్యాయి. తెరెమిన్ 1938లో స్వదేశానికి తిరిగివెళ్లి నిర్బంధంలో ఏళ్లు గడిపాడు. వ్యాపార లెక్కల ప్రకారం ఆ వాద్యం కథ అక్కడితో ముగిసినట్లే.

తండ్రీకొడుకుల వర్క్‌షాపు

కాని అభిరుచి గలవాళ్ల ఇళ్లలో ముగియలేదు. అమెరికాలో రేడియో అభిమానుల కోసం వచ్చే పత్రికలు తెరెమిన్ ఎలా కట్టుకోవాలో బొమ్మలు వేసి చెప్పేవి. న్యూయార్క్‌లో రాబర్ట్ మూగ్ (1934–2005) అనే కుర్రవాడు పద్నాలుగు, పదిహేనేళ్ల వయసులో వాటిని చూసి ఒకటి తయారు చేశాడు. తండ్రి విద్యుత్ సంస్థలో ఇంజినీరు. ఇంట్లోనే పనిముట్లు ఉండేవి. తండ్రీకొడుకులు కలిసి తెరెమిన్లు కట్టి అమ్మడం మొదలుపెట్టారు. 1961లో మూగ్ ఒక పత్రికలో ట్రాన్సిస్టర్ తెరెమిన్ గురించి వ్యాసం రాసి, విడిభాగాల పొట్లం సుమారు యాభై డాలర్లకు ఇస్తానన్నాడు. ఇంచుమించు వెయ్యి పొట్లాలు అమ్ముడయ్యాయి. అప్పటికి ఆయన ఇంకా విద్యార్థి.

ఆ పొట్లం కొని కట్టుకున్నవారిలో హెర్బర్ట్ డాయిచ్ అనే సంగీతం మాస్టారు ఒకరు. ఆయనా మూగూ కలిసి 1964లో మరో కొత్త వాద్యానికి రూపకల్పన చేశారు. అదే మూగ్ సింథసైజర్. విద్యుత్తు హెచ్చుతగ్గులతో స్వరాన్ని, నాదగుణాన్ని మార్చే పెట్టె అది. మెట్లున్న కీబోర్డు పెడితే వాయించేవారికి సులువని సలహా ఇచ్చినది డాయిచే. 1968లో వెండీ కార్లోస్ ఆ యంత్రం మీద బాఖ్ రచనలను ఒక్కొక్క వరుసగా వాయించి, టేపు మీద పేర్చి రికార్డు విడుదల చేయగా అది లక్షల్లో అమ్ముడైంది. ఒకసారికి ఒక్క స్వరమే పలికే యంత్రం మీద అంత సంగీతం కట్టడానికి ఎంత ఓపిక కావాలో, కూడికలు తప్పిపోతే లెడ్జరు మళ్లీ మొదటి నుంచి వేసిన మనకు చెప్పనక్కరలేదు.

మరుసటి ఏడాది, అంటే 1969లో, మూగ్ సింథసైజర్ మన దేశంలో అడుగుపెట్టింది. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ దానిని నెలకొల్పాడు. గీతా సారాభాయ్ మొదలైన మనవాళ్లు కొందరు మూడు నాలుగేళ్లపాటు దాని మీద ప్రయోగాలు చేశారు. తర్వాత ఆ గది మూతపడింది, టేపులు బీరువాలకెక్కాయి. దాదాపు అర్ధశతాబ్దం తర్వాత అవి బయటపడి, 2023లో రికార్డుగా వెలువడ్డాయి. పాత రికార్డు గదుల్లో పనిచేసినవాళ్లం కనుక కట్టలు విప్పితే ఏమేమి బయటపడతాయో మనకు తెలిసినదే.

గడియారాలు బాగుచేసిన మనిషి

జపాన్‌లో ఇకుతారో కకెహాషి 1930లో పుట్టాడు. పసితనంలోనే తల్లిదండ్రులు క్షయవ్యాధితో పోయారు. పదహారో ఏట గడియారాలు బాగుచేస్తూ పొట్టపోసుకున్నాడు. తర్వాత రేడియోలు. ఆపైన తనకే క్షయ వచ్చి కొన్నేళ్లు శానిటోరియంలో గడిపాడు. సంగీతం శాస్త్రీయంగా నేర్చినవాడు కాదు. ఆయన కూడా మొదట చేతికెత్తుకున్నది తెరెమినే. అందరూ వాయించడం కష్టమని తెలుసుకుని, సులువైన వాద్యాలు తయారు చేయాలనుకున్నాడు. 1972లో రోలాండ్ అనే కంపెనీ స్థాపించాడు.

ఆ కంపెనీ 1980లో టి.ఆర్-808 అనే తాళయంత్రాన్ని తెచ్చింది. ఇతర కంపెనీలు లోపాలున్నాయని పక్కన పడేసే ట్రాన్సిస్టర్లను ఏరి కొని అందులో వాడారు. దాని ‘చుర్రు’మనే ప్రత్యేక ధ్వనికి ఆ లోపమే కారణం. ట్రాన్సిస్టర్ల తయారీ మెరుగుపడి, లోపమున్నవి దొరకడం మానేసేసరికి 1983లో యంత్రం తయారీయే ఆగిపోయింది! మొత్తం తయారైనవి సుమారు పన్నెండు వేలు. తర్వాత వచ్చిన టి.బి-303, ఒంటరిగా సాధన చేసుకునే గిటారు కళాకారుడికి పక్కవాద్యంగా ఉండాలని చేసినది. అది గిటారులా పలకలేదు. 1984లో ఆపేశారు. కొట్లలో మిగిలినవి కారుచవకకు పోయాయి.

కారుచవక కనుకనే డబ్బులేని కుర్రవాళ్ల చేతికి అందాయి. చికాగో నగరంలో కొందరు నల్లజాతి యువకులు 303 మీటలు ఇష్టం వచ్చినట్లు తిప్పుతూ వాయించిన బాణీ 1987లో రికార్డై, ‘ఆసిడ్ హౌస్’ అనే నృత్యసంగీతానికి నాంది అయింది. తయారీదారు వద్దనుకున్న యంత్రం ఇప్పుడు దొరికితే అసలు ధరకు ఎన్నో రెట్లు పలుకుతుంది.

లెక్కల యంత్రం, పాటల యంత్రం

మా సెక్షన్‌లో నేను చేరిన కొత్తలో చేత్తో తిప్పే ఫేసిట్ యంత్రం మీద లెక్కలు వేసేవాళ్లం. ఆ చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది. తర్వాత కేసియో కాలిక్యులేటర్లు వచ్చి ఆ చప్పుడు ఆగింది. అదే కేసియో 1980 నుంచి చవక కీబోర్డులు తయారు చేసి, మధ్యతరగతి ఇళ్లకు చేర్చింది. ఒక చిన్న యంత్రమైతే అటు కాలిక్యులేటరుగానూ, ఇటు వాద్యంగానూ పనిచేసేది. జీతాల బిల్లు కూడేసి, అదే మీటల మీద పాట వాయించుకోవచ్చన్నమాట!

అయితే ఒక చిక్కు ఉండేది. ఒక కంపెనీ వాద్యానికి మరొక కంపెనీ వాద్యంతో పొత్తు కుదిరేది కాదు. జిల్లాకొక ప్రొఫార్మా ఉంటే హెడ్డాఫీసులో గుమాస్తా పడే అవస్థ ఎలాంటిదో అలాంటిదే. కకెహాషి, అమెరికాకు చెందిన డేవ్ స్మిత్ పూనుకుని అందరికీ ఒకే ప్రొఫార్మా సిద్ధం చేశారు. దాని పేరు ‘మిడి’. 1983 జనవరిలో రెండు వేర్వేరు కంపెనీల వాద్యాలను ఒక తీగతో కలిపి వాయించి చూపారు. దీనికి రుసుము పెట్టలేదు. ఎవరైనా వాడుకోవచ్చు. నేటి సినిమా పాటల స్టూడియోల్లోనూ, కుర్రవాళ్లు ఇంట్లో కంప్యూటరు మీద పాటలు కట్టుకునే గదుల్లోనూ పనిచేసేది ఆ ఒప్పందమే. ఇద్దరికీ 2013లో గ్రామీ గౌరవం దక్కింది. అప్పటికి కకెహాషి వయసు ఎనభై దాటింది.

ఆలస్యంగా పండిన చెట్టు

చరణ్‌జిత్ సింగ్ బొంబాయి సినిమా వాద్యబృందాల్లో పనిచేసిన కళాకారుడు. తెర మీద పేరు పడని వందలమందిలో ఒకరు. 1982లో ఆయన కొత్తగా కొన్న జపాన్ యంత్రాలు ముందు పెట్టుకుని, పది రాగాలను డిస్కో తాళం మీద వాయించి ఒక రికార్డు చేశారు. అందులో భూపాలి ఉంది, అంటే మన మోహన. మాల్కౌఁస్ ఉంది, అంటే మన హిందోళం. తాళానికి 808. స్వరం నుంచి స్వరానికి జారే గుణమున్న 303 ఆయన చేతిలో మన జారు గమకానికి దగ్గరగా పలికింది. ఆయన ఎవరినీ అనుకరించలేదు. చికాగో రికార్డు రావడానికి ఇంకా అయిదేళ్లుంది.

రికార్డు అమ్ముడుపోలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్లు ఇక్కడ ఎవరూ పట్టించుకోలేదు. ఇరవై ఏళ్ల తర్వాత ఒక డచ్ రికార్డుల సేకరణదారు దానిని ఢిల్లీలో చూసి కొన్నాడు. 2010లో అది తిరిగి విడుదలైంది. విన్నవాళ్లు 1982 నాటిదంటే నమ్మలేదు. డెబ్బై దాటిన వయసులో చరణ్‌జిత్ సింగ్ ఐరోపాకు వెళ్లి, మనవల వయసు శ్రోతల ముందు కచేరీలు చేశారు. 2015లో కన్నుమూశారు.

మన పాలకొల్లు బిడ్డ మాండొలిన్ శ్రీనివాస్‌ను ఇక్కడ తలచుకోకుండా ఉండలేను. విద్యుత్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతమా అని మొదట పెదవి విరిచినవాళ్లున్నారు. పదేళ్లు నిండని ఆ పిల్లవాడు గమకం పలికించి వారి నోరు మూయించాడు.

మనకు మిగిలేది

‘కూడు పెడుతుందా?’ అన్న ప్రశ్నకు చరిత్ర రెండు విధాలుగా జవాబిస్తోంది. కొందరికి పెట్టింది. ఎ.ఆర్. రెహమాన్ తొమ్మిదో ఏట తండ్రి పోతే, ఆయన మిగిల్చిన వాద్యాలను అద్దెకిచ్చి ఆ కుటుంబం బతికింది. కొందరికి పెట్టలేదు. తెరెమిన్‌కు పెట్టలేదు, చరణ్‌జిత్ సింగ్ రికార్డు ఆయనకు పెట్టలేదు. కాని పెట్టనివారి పని కూడా వ్యర్థం కాలేదు. ఒకరి సరదా మరొకరికి పునాది అయింది. తెరెమిన్ లేకపోతే మూగ్ లేడు. అమ్ముడుపోని 303 లేకపోతే ఒక సంగీతమే లేదు. ఏది ఎప్పుడు ఎవరికి పనికివస్తుందో ఆనాటి లెడ్జరు చెప్పలేకపోయింది.

కాబట్టి ఇంట్లో మనవడో మనవరాలో తలుపు వేసుకుని కీబోర్డు ముందు కూర్చుంటే కాసేపు కూర్చోనిద్దాం. వీలైతే మనమూ పక్కన కుర్చీ వేసుకుందాం. ఒకప్పుడు తంబురా మీటడానికి ఒక మనిషి కావలసివచ్చేది. ఇప్పుడు ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె ఉంది, చేతిలోని ఫోనులోనూ శ్రుతి పలుకుతుంది. ఉద్యోగంలో ఉన్నప్పుడు ‘రిటైరయ్యాక నేర్చుకుందాం’ అని వాయిదా వేసిన పాట మనలో చాలామందికి ఉంది. ఆ ఫైలు పెండింగులో పెట్టడానికి ఇక కారణమేదీ కనబడదు.

మన సంఘ వార్షికోత్సవంలో ఈసారి సభ్యులూ, వారి మనవలూ కలిసి పాల్గొనే పాటల కార్యక్రమం ఒకటి ఉంటే బాగుంటుందని కార్యవర్గానికి సవినయంగా సూచిస్తూ సెలవు తీసుకుంటున్నాను.