నవంబరు ఒకటవ తేది

తేదీలకు స్వతహాగా మహిమ యేమియు లేదు. అయినను నవంబరు 1వ తేదీన మన దేశమున మూడు పర్యాయములు పాలన చేతులు మారినది. ఆ మూటిని ఒకచోట చేర్చి చూచినపుడు, ఆ నేలమీది జనుల నెవరైన అడిగిరా యను ప్రశ్న తోచక మానదు.

1858లో ఆ దినమున అలహాబాదులో కానింగు ప్రభువు విక్టోరియా రాణి ప్రకటనను చదివెను. కంపెనీ ప్రభుత్వము పోయి రాణి ప్రభుత్వము వచ్చినదని దాని సారాంశము. మతవిషయములలో జోక్యము చేసికొనమనియు, జాతిమతభేదము లేక అర్హులకు ఉద్యోగము లిత్తుమనియు అందు వాగ్దానములు కలవు. దానిని దేశభాషలలోనికి అనువదించి పట్టణములలో చదివించిరి. వినుట మాత్రమే ప్రజల వంతు. తరువాతి తరము నాయకులు ఆ వాగ్దానములనే చూపి దొరలను నిలదీసిరి. అది వేరొక కథ.

తొంబదియారేండ్లకు, 1954లో అదే తేదీన, పుదుచ్చేరి, కారైకాల్, మాహె, యానాములు ఫ్రెంచివారినుండి భారత ప్రభుత్వము చేతికి వచ్చినవి. గోదావరి యొడ్డున తెలుగు మాటాడు యానాములో జూన్ 13వ తేదీననే ఫ్రెంచి పాలన తొలగినది. అక్టోబరు 18న కీళూరులో ప్రజాప్రతినిధులు 178 మంది ఓటు వేయగా 170 మంది విలీనమునకు సమ్మతించిరి, ఎనమండుగురు కాదనిరి. నాకు ఆ ఎనిమిది ఓట్లే ముఖ్యముగా కనుపించును. కాదనుటకు వీలున్నచోటనే గదా ఔననుటకు విలువ! చట్టరీత్యా అప్పగింత మాత్రము 1962 ఆగస్టు 16 వరకు ఆగినది.

ఇక 1956. ఆంధ్రరాష్ట్రమును, హైదరాబాదు రాష్ట్రములోని తెలుగు జిల్లాలను కలిపి నెహ్రూ హైదరాబాదులో ఆంధ్రప్రదేశమును ప్రారంభించిన దినము. తెలుగువారందరు ఒక్క పాలనక్రిందికి వచ్చిరన్న ఆనందము సామాన్యమైనది కాదు. కాని ఫజల్ అలీ సంఘము 1955లో వేరుగా చెప్పినది: తెలంగాణము ప్రస్తుతమునకు ప్రత్యేక రాష్ట్రముగా నుండవలెను; 1961 ప్రాంతమున ఎన్నికలు జరిగిన పిమ్మట ఆ శాసనసభలో మూడింట రెండు వంతులవారు అంగీకరించినచో కలియవచ్చును. హైదరాబాదు శాసనసభలో చర్చ జరుగకపోలేదు. అయినను ఆ గడువునకు ఎవరును ఆగలేదు. దానికి మారుగా 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఉభయప్రాంతముల నాయకులు పెద్దమనుషుల ఒప్పందముపై సంతకములు చేసిరి. ఉద్యోగములు, చదువులు, మిగులు ఆదాయము, ప్రాంతీయ మండలి మున్నగువానిని గూర్చిన షరతు లందున్నవి. ఓటు జరుగవలసిన చోట మాట యిచ్చిరి.

ఆ మాట నిలువలేదను తగవు 1969లో వీథుల కెక్కినది. 2014 జూన్ 2వ తేదీన తెలంగాణము వేరు రాష్ట్రమైనది.