మెక్సికో పతనమును నరసాపురపు రేవును

క్రీ. శ. 1519వ సంవత్సరమున హెర్నాన్ కోర్టెసు అను స్పెయిను దేశీయుఁడు ఇంచుమించు ఐదువందలమంది భటులతోను, పదునాఱు గుఱ్ఱములతోను మెక్సికో తీరమున దిగెను. 1521 ఆగస్టు 13వ తేదీన ఆజ్టెకుల రాజధానియగు టెనోచ్‌టిట్లాను నగరము వాని వశమయ్యెను. ఇంచుమించుగా నాకాలముననే మన దేశమునఁ గృష్ణదేవరాయలు కళింగముపై దండు వెడలి 1516లో సింహాచలమున శాసనము వేయించెను. పోర్చుగీసువారు 1510 నాఁటికే గోవను బట్టుకొనియుండిరి. పిమ్మట ఇంచుమించు నూఱేండ్లలో ఓలందులును ఆంగ్లేయులును మన తూర్పుతీరమునకు వచ్చిరి. ఓడలు, ఫిరంగులు, ధనాపేక్ష, వీనియందు ఆ పశ్చిమజాతుల నడుమ గొప్ప భేదము లేదు. మఱి మెక్సికోలో రెండున్నర యేండ్లు పట్టని కార్యము గోదావరీ ముఖమున నిన్నూఱేండ్లకుఁ బైగాఁ బట్టుటకుఁ గారణమేమి?

ఆజ్టెకులు మూఢులనియు, తెల్లవారిని దేవతలని భ్రమించి లొంగిపోయిరనియు నొక కథ ప్రసిద్ధముగా నున్నది. ఆ కథ విజయానంతరమున అల్లఁబడినదని యిటీవలి చరిత్రకారులు పలువురు తలంచుచున్నారు. నాకును అట్లే తోఁచుచున్నది. గెలిచినవాని కది సుఖమైన సమాధానము. ఓడినవాని చరిత్ర నెఱుఁగఁగోరువాని కది చాలదు.

టెనోచ్‌టిట్లాను క్రీ. శ. 1325 ప్రాంతమున టెస్కోకో సరస్సు నడిమి దీవియందు వెలసినది. 1428లో టెస్కోకో, ట్లకోపాను అను పురములతోఁ జేరి మూఁడు రాజ్యముల కూటమిగా నేర్పడి, యది క్రమముగా చుట్టునున్న జనపదములనుండి కప్పము గొనసాగెను. ఒడ్డునుండి నగరమునకు నీటి నడుమఁ గట్టిన బాటలుండెను. చపుల్టెపెకు కొండ యూటలనుండి మంచినీరు కాలువమీఁదుగా వచ్చుచుండెను. సరస్సు లోతులేని చోట్ల నడుగుమట్టిని, నాఁచును, కొమ్మరెమ్మలను పేర్చి యెత్తుచేసి, యంచున చెట్లు నాటి, ఆ మడులలో ఏఁటికిఁ బెక్కు పంటలు పండించుచుండిరి. వానిని చినాంపలందురు. వరద తీసిన పిమ్మట ఒండ్రుమీఁద విత్తు చల్లు మన లంకరైతునకు ఈ సేద్యమును వివరించి చెప్పనక్కఱలేదు. మన లంకలను గోదావరి కట్టినది. వారి లంకలను వారే కట్టుకొనిరి. కకావో గింజలు వారికి చిల్లరనాణెములుగాఁ జెల్లెడివి. నేఁడు గోదావరి మండలములలో కొబ్బరితోఁటల నీడను బెంచుచున్న కోకో ఆ చెట్టే. సంక్రాంతి గొబ్బెమ్మమీఁదఁ బెట్టు బంతిపువ్వును, మన యూరగాయకుఁ గారమిచ్చు మిరపయును ఆ ఖండమునుండి వచ్చినవియే. నరబలి వారి మతమున నుండెననుట నిజము. దానిని దాఁచవలసిన పనిలేదు, దానినే వారి నాగరకతయంతయు ననుకొనుటయుఁ దగదు.

ఇట్టి నగరము కూలుటకు స్పెయినువారి ఖడ్గము ప్రధానకారణము కాదు. మొదటిది అంతఃకలహము. ఆజ్టెకుల యుద్ధములకు విసిగిన ట్లస్కల రాజ్యము కోర్టెసు పక్షముఁ జేరెను. నగరమును ముట్టడించిన సేనలోఁ దెల్లవారు వందలు, దేశీయులు పదులవేలు. రెండవది మశూచి. 1520లో ఆ రోగము స్పెయినువారి వెంట వచ్చి నగరమునఁ జొచ్చెను. మొక్టెసుమా పిమ్మట రాజైన క్విట్లావాకు, తెల్లవారిని నగరమునుండి తఱిమినవాఁడు, ఆ వ్యాధిచేతనే మరణించెను. తరతరములుగా నా రోగ మెఱుఁగని దేహములకు దానికి తాళు శక్తి లేకపోయెను. 1545లోను, 1576లోను మఱి రెండు మహామారులు వచ్చెను. నూఱేండ్లలో ఆ దేశపు జనము పదింట తొమ్మిదిపాళ్లు నశించినదని పలువురి యంచనా.

మూఁడవది ఓడ. నరసాపురవాసులకు విశేషముగా పనికివచ్చు విషయ మిది. సరస్సులో ఆజ్టెకుల దోనెలు వేలకొలఁది యుండఁగా వానిని దాఁటి నగరమును బట్టుట యసాధ్యమయ్యెను. అంతట మార్టీను లోపెజు అను నోడపనివాఁడు పదుమూఁడు చిన్న తెఱచాపయోడలను సిద్ధముచేసెను. వాని భాగములను ట్లస్కలులు తమ భుజములమీఁద మోసికొనివచ్చి సరస్సున దింపిరి. ఆ యోడలే నగరమునకు అన్నపానములను ఆఁపివేసినవి. ఆజ్టెకుల చేతిపనిలో రాయి, బంగారము, ఈఁకలు, రాగి యుండెనుగాని ఇనుము లేదు.

ఇఁక వాసిష్ఠగోదావరి కుడిగట్టుననున్న మన రేవును జూడుఁడు. ఇచట మశూచి క్రొత్తది కాదు. దానికి దేవతలు, జాతరలుకూడ నుండెను. గుఱ్ఱము వింతజంతువు కాదు. రాయలే పోర్చుగీసువారియొద్ద గుఱ్ఱములను గొనుచుండెను. ఇనుపపనియు నోడపనియు నీ రేవున వృత్తులు. 1605, 1606 సంవత్సరములలో బందరునకు వచ్చిన ఓలందులును, 1611లో వచ్చిన ఆంగ్లేయులును గోలకొండ సుల్తానుల యనుమతిని వేఁడి వర్తకము సేసిరేకాని ఆజ్ఞాపింపలేదు. 1614లో గ్లోబు అను ఆంగ్లనౌక మరమ్మతుకై నరసాపురపు నదిలోనికే రావలసివచ్చెను. 1669 మొదలు పదేండ్లు ఈ సముద్రములఁ దిరిగిన థామసు బౌరీ అను నావికుఁడు, ఇచటి కలపను, ఇనుమును, ఓడపనివారి నేర్పును మెచ్చి, ఆంగ్లవర్తకు లిచటనే తమ యోడలు కట్టించుకొనుచుండిరని వ్రాసెను. మెక్సికో సరస్సులో నే విద్య పరదేశి చేతి యాయుధమయ్యెనో, గోదావరిలో నా విద్యకొఱకే పరదేశి మన వడ్రంగి వాకిట నిలిచెను.

ఐనను ఈ రెండు తీరములకు సంబంధము లేకపోలేదు. 1546లో మెక్సికోలోని సకతెకాసునందు వెండిగనులు బయలుపడెను. దాసులవలె గనులలో దిగిన యచటి జనుల కష్టముచేఁ దీయఁబడిన వెండి స్పానిషు రియాలు నాణెమై, ఓలందుల చేతులలోను, ఆంగ్లేయుల చేతులలోను మన తీరమునకు వచ్చి మన సాలెల బట్టలను గొన్నది. నరసాపురమునకు చేరువ మాధవాయపాలెమున ఆంగ్లేయుల కోఠీ వెలసినది. అచటి బట్టకు వారి నోట మడపోలమను పేరు వచ్చినది.

మనకును జయము కలుగలేదు. తీరు మాత్రము వేఱు. 1758లో విజయనగరపు పూసపాటి ఆనందగజపతి ఫ్రెంచివారిపైఁ గోపముచే ఆంగ్లేయులను బిలిచెను. ఇతఁడు మన ట్లస్కల యనవచ్చును. చందుర్తియొద్ద ఫ్రెంచివా రోడిరి, 1759లో బందరు పోయెను, 1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానాతో సర్కారులు కంపెనీ పరమయ్యెను. దండుకంటె లెక్కపుస్తక మెక్కువ పని చేసినది. సాలెకు బయానా యిచ్చి అప్పుచేఁ గట్టిపడవేయుట, ధర తామే కట్టుట, పిమ్మట 19వ శతాబ్దిలో లాంకషైరు మరబట్ట వచ్చిపడుట, ఇది యా క్రమము. కడకు మడపోలమను పేరు ఇంగ్లండు మరబట్టకే చెల్లెను. మాధవాయపాలెపు పాతభూమిని జాలభాగము గోదావరి కోసికొనిపోయినది.

ఓడినవారి మాట మిగులుటలోఁగూడ భేదము గలదు. మెక్సికో చిత్రలిపి గ్రంథములను పాతిరులు పెక్కింటిని దగులఁబెట్టిరి. వారిలోనే బెర్నార్డినో డె సహగూను అను నతఁడు, ట్లటెలోల్కో విద్యాలయమునఁ జదివిన దేశీయశిష్యుల సాయమున, వృద్ధులను బ్రశ్నించి, 1577 నాఁటికి పండ్రెండు భాగముల గ్రంథమును నావాట్లు భాషలోను స్పానిషులోను గూర్పించెను. తుది భాగము నగరపతనమును ఓడినవారి నోటనే చెప్పుచున్నది. ఇచట కర్నలు కాలిను మెకంజీకి ఆ శిష్యులవలె పనిచేసినవారు ఏలూరి కావలి సోదరులు. బొఱ్ఱయ్య 1803లో మృతిఁజెందఁగా లక్ష్మయ్య ఆ పనిని సాగించెను. పేరు దొరకు దక్కినది. గ్రామకరణములను బ్రశ్నించినది వీరు. సహగూను గ్రంథము నేఁడు ఇటలీలోని ఫ్లారెన్సు నగరపు లారెన్షియను గ్రంథాలయమున నున్నది. కావలివారు సేకరించిన కైఫీయతులు చెన్నపురి ప్రాచ్యలిఖితపుస్తక భాండాగారమున నున్నవి.